అతివాహకపు పొరలలో పరమాణువుల కంపనం

పెడనలో అద్దకపు బల్ల దగ్గర కొంతసేపు నిలబడి చూచినవారికి ఒక సంగతి తప్పక తోస్తుంది. పనివాని చేతిలో ఉన్నది చిన్న చెక్క అచ్చు. దానిమీద చెక్కినది ఒక పువ్వు, రెండు ఆకులు, ఒక తీగ మలుపు. ఆ అచ్చును రంగులో అద్ది గుడ్డపై ఒత్తి, అంచుకు అంచు కలిసేటట్లు ప్రక్కన మరల ఒత్తి, వరుసగా సాగిపోతే గజాల కొలది గుడ్డ నిండిపోతుంది. దుప్పటి మీద వేల పువ్వులున్నా, వాటి రూపమంతా ఆ ఒక్క అచ్చులోనే ఇమిడి ఉన్నది.

స్ఫటికం కూడ ఇట్టిదే. ఉప్పు రవ్వలోగాని, పటికబెల్లం ముక్కలోగాని పరమాణువుల చిన్న అమరిక ఒకటి ఉంటుంది. అదే అమరిక పొడవునకు, వెడల్పునకు, ఎత్తునకు లెక్కలేనన్ని సార్లు ఆవృత్తి కాగా స్ఫటికం ఏర్పడుతుంది. ఈ క్రమమైన ఏర్పాటును స్ఫటిక జాలకం అంటారు. అయితే గుడ్డకూ స్ఫటికానికీ ఒక ముఖ్యమైన భేదం కలదు. గుడ్డమీది పువ్వు కదలదు. స్ఫటికంలోని పరమాణువు ఒక్క క్షణం కూడ ఊరకుండదు. తన స్థానానికి అటు ఇటు సెకనుకు కొన్ని లక్షల కోట్ల సార్లు ఊగుతూనే ఉంటుంది. ఇవే జాలక కంపనాలు.

రాగి తీగలో ప్రవహించే విద్యుత్తుకు ఈ కంపనాలు అడ్డు తగులుతాయి. తీగ వేడెక్కిన కొద్దీ కంపనం హెచ్చి, నిరోధం కూడ హెచ్చడం ఉన్నత పాఠశాల విద్యార్థులు ఎరిగినదే. కాని నిరోధమే లేని అతివాహకాలలో ప్రవాహానికి, కంపనానికి గల సంబంధం వేరు విధంగా ఉంటుంది. కొన్ని పొరల స్ఫటికాలలో విద్యుత్ ప్రవాహమే పరమాణువులను ఊపుతుంది. ఆ ఊపు వోల్టుమీటరు మీద చదువుకొనదగిన గుర్తును వదులుతుంది. ఆ గుర్తు ఎట్లా ఏర్పడుతుందో, దాని నుండి ఏమి చెప్పవచ్చునో, ఏమి చెప్పరాదో తెలిపేదే ఈ వ్యాసం.

ఒక శాస్త్రజ్ఞుని లెక్క

మచిలీపట్నం నుండి పెడన మీదుగా పోయే రైలుదారి గుడివాడ చేరుతుంది. జాలక కంపనాల శాస్త్రంలో ప్రసిద్ధి కెక్కిన సూరి భగవంతం 1909లో ఆ ప్రాంతంలోనే జన్మించారు. 1928లో కలకత్తా వెళ్లి సి. వి. రామన్ వద్ద పరిశోధనలో చేరారు. తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులుగా పనిచేసి, అటుపిమ్మట బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరు అయ్యారు. 1989లో దివంగతులయ్యారు.

స్ఫటికంలో పరమాణువులు ఎన్ని విధాల ఊగగలవు? వాటిలో వేటిని కాంతి ద్వారా కనిపెట్టవచ్చును? ఈ ప్రశ్నలకు స్ఫటికపు సౌష్ఠవం నుండే సమాధానం రాబట్టే పద్ధతిని భగవంతం, టి. వేంకటరాయుడు కలిసి 1939లో ప్రకటించారు. ఇందుకు వారు సమూహ సిద్ధాంతమనే గణిత శాఖను వినియోగించారు. 1948లో వాల్తేరు నుండి వెలువడిన వారి గ్రంథం ఈ విషయాన్ని విపులంగా వివరిస్తుంది.

ఆ పద్ధతిని ఈ వ్యాసానికి సంబంధించిన స్ఫటికానికే వర్తింపజేసి చూడవచ్చును. దాని మూల అమరికలో బిస్మత్ పరమాణువులు 2, స్ట్రాన్షియం 2, కాల్షియం 1, రాగి 2, ఆక్సిజన్ 8 - మొత్తం 15 ఉన్నవి. ప్రతి పరమాణువు మూడు దిశలలో కదలగలదు కావున 45 విధాల కదలికలు సాధ్యం. వీటిలో మూడు, అమరిక అంతా ఒక్కటిగా జరిగే కదలికలు. తక్కిన 42 పరమాణువులు ఒకదానికొకటి ఎదురుగా ఊగే కంపనాలు. స్ఫటికపు నిర్మాణం ఎట్టి వంకరలు లేని ఆదర్శ రూపంలో ఉన్నదనుకొంటే, ఈ 42లో ఆరు మాత్రమే పొరలకు లంబంగా సాగుతూ, ధనావేశాన్ని ఒక ప్రక్కకు, ఋణావేశాన్ని మరొక ప్రక్కకు జరుపుతాయి. ఈ ఆరింటిని గుర్తుంచుకొనవలెను. పొరలకు లంబంగా విద్యుత్ క్షేత్రం ఏర్పడితే అది ఊపగలిగేవి ఇవే.

నిరోధం లేని ప్రవాహం

1911లో హాలెండు శాస్త్రజ్ఞుడు కామర్లింగ్ ఆనెస్ పాదరసాన్ని 4.2 డిగ్రీల కెల్విన్‌కు, అనగా దాదాపు సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లార్చగా, దాని నిరోధం ఒక్కసారిగా మాయమైనది. ఈ ధర్మానికే అతివాహకత్వమని పేరు. దీనికి కారణం తెలియడానికి 46 సంవత్సరాలు పట్టినది.

కారణానికి దారి చూపినవి జాలక కంపనాలే. 1950లో పాదరసపు వేర్వేరు ఐసోటోపులతో ప్రయోగాలు చేయగా, పరమాణువు బరువైన కొద్దీ అతివాహకత్వం మరికొంత తక్కువ ఉష్ణోగ్రత వద్ద గాని కలుగలేదు. బరువు మారితే పరమాణువు ఊగే వేగం మారుతుంది. కావున ఈ ధర్మంలో కంపనాలకు పాలు ఉన్నదని తేలినది. 1957లో అమెరికాలో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనే ముగ్గురు దీనిని సిద్ధాంతంగా నిర్మించారు. ఒక ఎలక్ట్రాను పోతూ పోతూ చుట్టుప్రక్కల ధన అయానులను కొద్దిగా తనవైపు లాగుతుంది. అవి తిరిగి తమ చోటికి చేరేలోగా, అక్కడ హెచ్చిన ధనావేశం మరొక ఎలక్ట్రానును ఆకర్షిస్తుంది. ఈ విధంగా ఎలక్ట్రానులు జంటలవుతాయి. జంటలన్నీ ఒకే తాళానికి అడుగువేసే భజన బృందంవలె ఒకే క్వాంటం స్థితిలో నడుస్తాయి. అందుచేత వాటికి నిరోధం ఉండదు.

1986లో స్విట్జర్లండులో బెడ్‌నార్జ్, ముల్లర్ రాగి ఆక్సైడులలో అతివాహకత్వాన్ని కనుగొన్నారు. మరుసటి సంవత్సరమే ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థం 93 డిగ్రీల కెల్విన్ వద్దనే అతివాహకమైనది. ద్రవ నైట్రోజన్ 77 డిగ్రీల వద్ద మరుగుతుంది కావున, ఖరీదైన ద్రవ హీలియం లేకుండానే ఈ పదార్థాన్ని చల్లార్చడం సాధ్యమైనది. అయితే వీటిలో ఎలక్ట్రానులను జంటలు చేసే శక్తి ఏది? మిక్కిలి హెచ్చు ఉష్ణోగ్రత వద్ద అతివాహకమయ్యే రాగి ఆక్సైడులలో ఆక్సిజన్ ఐసోటోపును మార్చినా ఆ ఉష్ణోగ్రత స్వల్పంగా మాత్రమే మారినది. పాదరసంలో స్పష్టంగా కనిపించిన గుర్తు ఇక్కడ అస్పష్టమైనది. ఈ ప్రశ్న నేటికీ తెగలేదు.

రెండు గడియారాల ఉపమానం

రెండు అతివాహకాల మధ్య మిక్కిలి పలుచని అవాహకపు పొర ఉంచితే ఏమగును? ఎలక్ట్రాను జంటలు ఆ పొరను దాటిపోగలవని 1962లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిగా ఉన్న బ్రయన్ జోసెఫ్‌సన్ గణితం ద్వారా ఊహించాడు. అప్పటికి అతని వయస్సు 22 సంవత్సరాలు. ఆ ఊహ ప్రయోగాలలో నిజమైనది. 1973లో అతనికి నోబెల్ బహుమానంలో భాగం లభించినది. ఇట్టి ఏర్పాటును జోసెఫ్‌సన్ సంధి అంటారు.

దీని స్వభావం తెలియడానికి ఎదురెదురు అంగళ్లలోని రెండు గోడ గడియారాలను తలచుకొనవచ్చును. ఒక్కొక్క అతివాహకంలోని జంటలన్నిటికీ కలిపి ఒక ముల్లు ఉన్నదనుకోవలెను. దీని స్థానాన్నే భౌతిక శాస్త్రంలో దశ అంటారు. రెండు ముళ్ల మధ్య కోణం సంధిలోని ప్రవాహాన్ని నిర్ణయిస్తుంది. కోణం సున్న అయితే ప్రవాహం లేదు. పావుచుట్టు అయితే ప్రవాహం గరిష్ఠం. అరచుట్టు అయితే మరల సున్న. ముప్పావు చుట్టు అయితే మరల గరిష్ఠమే, కాని వ్యతిరేక దిశలో.

రెండు గడియారాలు సమానంగా నడిస్తే కోణం మారదు. ప్రవాహం స్థిరంగా ఉంటుంది. అప్పుడు పొటెన్షియల్ భేదమే అక్కరలేదు. సంధికి పొటెన్షియల్ భేదం కల్పిస్తే ఒక గడియారం త్వరగా నడవడం మొదలు పెడుతుంది. కోణం పెరిగి పెరిగి చుట్టు తిరిగి వస్తుంది; మరల తిరుగుతుంది. అందుచేత ప్రవాహం ఒకసారి ఇటు, ఒకసారి అటు మారుతూ ఉంటుంది. స్థిరమైన వోల్టేజి ఇచ్చినప్పుడు ఏకాంతర ప్రవాహం పుట్టడం ఇందులోని వింత.

ఆ పౌనఃపున్యం వోల్టేజిమీదనే ఆధారపడుతుంది. ఒక మిల్లీవోల్టుకు అది సెకనుకు 48,360 కోట్ల ఆవృత్తులు. సంధి ఏ పదార్థంతో చేసినా ఈ సంఖ్య మారదు. అందుచేతనే వోల్టును నిర్ణయించే ప్రమాణంగా జోసెఫ్‌సన్ సంధులను ఉపయోగిస్తున్నారు. ఆరు మిల్లీవోల్టులు ఇస్తే పౌనఃపున్యం 2 లక్షల 90 వేల కోట్లు అవుతుంది. టార్చిలైటు బ్యాటరీ వోల్టేజిలో ఇది 250వ వంతు మాత్రమే. అయినను ఆ పౌనఃపున్యం స్ఫటికంలో పరమాణువులు ఊగే పౌనఃపున్యాల స్థాయికి చేరినది. ఇక్కడనే కంపనానికి, ప్రవాహానికి కలయిక కుదురుతుంది.

ప్రకృతి పేర్చిన సంధులు

పైన చెప్పిన బిస్మత్ స్ఫటికం అభ్రకంవలె పొరలు పొరలుగా ఊడివస్తుంది. దాని లోపల రాగి-ఆక్సిజన్ తలాలు రెండేసి జతగా ఉన్నవి. ఒక జతకు, తరువాతి జతకు నడుమ స్ట్రాన్షియం-ఆక్సిజన్, బిస్మత్-ఆక్సిజన్ పొరలు ఉన్నవి. రాగి తలాలలో అతివాహకత్వం బలంగా ఉంటుంది; నడిమి పొరలు అవాహకాలవలె ప్రవర్తిస్తాయి. ఒక జత నుండి మరొక జతకు దూరం మిల్లీమీటరులో పది లక్షల వంతుకు ఒకటిన్నర రెట్లు, అనగా ఒకటిన్నర నానోమీటర్లు.

అతివాహకం, అవాహకం, మరల అతివాహకం - జోసెఫ్‌సన్ సంధికి కావలసిన ఏర్పాటు ఇదే. 1992లో జర్మనీలో క్లైనర్, పాల్ ముల్లర్, వారి సహచరులు ఈ స్ఫటికంలో విద్యుత్తును పొరలకు లంబంగా పంపి, ప్రతి నడిమి పొర ఒక సంధిగా పనిచేస్తున్నదని నిరూపించారు. మిల్లీమీటరులో వెయ్యోవంతుకు ఒకటిన్నర రెట్లు మందమైన ముక్కలో ఇట్టి సంధులు వేయి ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి.

లోహపు రేకులతో చేసిన మామూలు సంధికి, దీనికి ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఇక్కడ అవాహకపు పొర కూడ స్ఫటికంలో భాగమే. అందులోని బిస్మత్, స్ట్రాన్షియం, ఆక్సిజన్ అయానులు ఆవేశం గలవి. జాలకపు క్రమంలో ఊగుతున్నవి. ఏకాంతర ప్రవాహం వాటి నడుమ నుండియే పోవలెను.

ఉయ్యాలకు ఊపు

ఉయ్యాలలో ఉన్న పిల్లవానిని ఎప్పుడు పడితే అప్పుడు త్రోస్తే ఉయ్యాల సరిగా ఊగదు. అది వెనుకకు వచ్చి తిరిగే క్షణానికి సరిపోయేటట్లు త్రోస్తే, చిన్న త్రోపులతోనే ఎత్తుగా లేస్తుంది. త్రోపు పౌనఃపున్యం ఉయ్యాల సహజ పౌనఃపున్యంతో సమానమైనప్పుడు కలిగే ఈ ఫలితాన్నే అనునాదం అంటారు.

సంధికి స్థిరమైన వోల్టేజి ఇచ్చినప్పుడు ఏకాంతర జోసెఫ్‌సన్ ప్రవాహం పుట్టి, దానితోబాటు పొరలకు లంబంగా మారుతుండే విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం ధన అయానులను ఒకవైపు, ఋణ అయానులను మరొకవైపు త్రోస్తుంది. మరుక్షణం దిశ మార్చుకొంటుంది. వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచితే త్రోపుల పౌనఃపున్యం కూడ కొద్దికొద్దిగా పెరుగుతుంది. అది ముందు చెప్పిన ఆరు కంపనాలలో ఒకదాని సహజ పౌనఃపున్యాన్ని చేరినప్పుడు అయానులు బలంగా ఊగుతాయి.

అట్లా ఊగడానికి శక్తి కావలెను. ఆ శక్తి బ్యాటరీనుండియే రావలెను. బ్యాటరీ ఇచ్చే సామర్థ్యం వోల్టేజిని ప్రవాహంతో గుణిస్తే వస్తుంది. వోల్టేజి నిర్ణీతమై ఉన్నది కావున, హెచ్చు శక్తి ఇవ్వడానికి హెచ్చు ప్రవాహం తప్ప మార్గం లేదు. అందుచేత ఆ వోల్టేజి వద్ద ఏకముఖ ప్రవాహం కొంచెం ఎక్కువవుతుంది. ప్రవాహాన్ని, వోల్టేజిని గ్రాఫుగా గీస్తే ఆ చోట చిన్న గూని కనబడుతుంది. అంత వేగంగా ఊగే అయానుల సమాచారాన్ని నెమ్మదియైన ఏకముఖ ప్రవాహపు కొలత ఈ విధంగా అందిస్తుంది.

ఆ గూని ఏర్పడే పౌనఃపున్యాన్ని గురించి ఒక సూక్ష్మం కూడ తెలుసుకొనదగియున్నది. కాంతి తన గమన దిశకు అడ్డంగా కంపించే తరంగం కావున, అది స్ఫటికంలో తిర్యక్ కంపనాలను లేపుతుంది. సంధిలో అయానులు ప్రవాహ దిశలోనే ముందు వెనుకలకు ఊగుతాయి. ఇది అనుదైర్ఘ్య కంపనం. ఇట్లా ఊగినప్పుడు వేరుపడిన ధన, ఋణావేశాల మధ్య ఒక క్రొత్త విద్యుత్ క్షేత్రం పుట్టి, అయానులను వెనుకకు లాగుతుంది. ఒక స్ప్రింగుకు మరొక స్ప్రింగు తోడైనట్లు బిగువు హెచ్చి, కంపన వేగం పెరుగుతుంది. కావున గూని కనబడేది తిర్యక్ పౌనఃపున్యం వద్ద కాక, దానికి కొంత పైనున్న అనుదైర్ఘ్య పౌనఃపున్యం వద్ద. జర్మనీలోని రేగెన్స్‌బర్గులో హెల్మ్, కెల్లర్, వారి సహచరులు 1997లో ప్రకటించిన సిద్ధాంతపు ముఖ్య ఫలితం ఇది.

గుర్తును పరీక్షించుట

1996లో ష్లెంగా, క్లైనర్, ముల్లర్, వారి సహచరులు బిస్మత్ స్ఫటికాలలోను, థాలియం గల మరొక రాగి ఆక్సైడులోను ఇట్టి గూనులను గుర్తించి ప్రకటించారు. అయితే గ్రాఫులో గూని కనబడినంత మాత్రాన దానికి పరమాణు కంపనమే కారణమని చెప్పరాదు. ఇతర కారణాలను ఒక్కొక్కటిగా త్రోసివేయవలెను.

మొదటి అనుమానం: అది ఎలక్ట్రాను జంటలను విడదీయడానికి కావలసిన శక్తికి గుర్తు కావచ్చును. అట్లయితే ఉష్ణోగ్రత పెంచినప్పుడు జంటల బంధం సడలుతుంది కావున గూని తక్కువ వోల్టేజికి జరగవలెను. కాని గూని ఉన్నచోటనే ఉన్నది. రెండవ అనుమానం: పిల్లనగ్రోవిలో గాలివలె, సంధి లోపల విద్యుదయస్కాంత తరంగం నిలిచి అనునాదం కలిగిస్తూ ఉండవచ్చును. అట్లయితే ముక్క పొడవు మారితే స్థానం మారవలెను, అదియును మారలేదు. అయస్కాంత క్షేత్రం పెట్టినా స్థానం మారలేదు.

ఉష్ణోగ్రతకు, అయస్కాంత క్షేత్రానికి, ముక్క పరిమాణానికి లొంగక, పదార్థం మారినప్పుడు మాత్రం మారే పౌనఃపున్యం దేనికి ఉంటుంది? పరమాణువుల బరువునకు, వాటి బంధాల బిగువునకు మాత్రమే ఉంటుంది. పైగా ఈ వోల్టేజిలను పౌనఃపున్యాలుగా మార్చి చూడగా, అవి పరారుణ కాంతితో వేరుగా కొలిచిన కంపనాలకు అనుగుణంగా ఉన్నవి.

తేలినది, తేలనిది

ఇక్కడ పాఠకులు ఒక పొరపాటు పడకుండా చూచుకొనవలెను. జోసెఫ్‌సన్ ప్రవాహం జాలక కంపనాలతో ముడిపడి ఉన్నదని ఈ ప్రయోగాలు స్థాపించినవి. దీనినిబట్టి రాగి ఆక్సైడులలో ఎలక్ట్రానులను జంటలు చేసేది కూడ జాలక కంపనాలే అని చెప్పడానికి వీలు లేదు. ఈ రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకటి, అప్పటికే ఏర్పడిన జంటలు నడిమి పొరను దాటేటప్పుడు అక్కడి అయానులను ఊపడం. రెండవది, ఆ జంటలు ఏర్పడడానికే కారణం. పడవ పోతూ కాలువలో అలలు లేపుతుంది. అలలు లేచినవి కనుక పడవను నిర్మించినవి అలలే అని ఎవరును అనరు. జంటలు వేరే కారణంవల్ల ఏర్పడినా, ఆవేశం గలవి కావున, ఈ గూనులు కనబడి తీరుతాయి.

అట్లని ఈ ఫలితం తక్కువది కాదు. స్ఫటికం లోపలి అనుదైర్ఘ్య కంపనాలను మామూలు కాంతితో నేరుగా లేపడం కష్టం; స్ఫటికపు ముక్కే తన కంపనాలను తానే కొలిచి చూపే సాధనం కావడం ఇక్కడి విశేషం. ఉపయోగం కూడ ఉన్నది. సెకనుకు సుమారు లక్ష కోట్ల ఆవృత్తులు గల తరంగాలను టెరాహెర్ట్జ్ తరంగాలంటారు. రేడియో పద్ధతులకు ఇవి మరీ త్వరితం, కాంతి పద్ధతులకు మరీ నిదానం; కావున వీటిని పుట్టించడం కష్టమైన పని. 2007లో అమెరికా, టర్కీ, జపాన్ శాస్త్రజ్ఞులు కలిసి ఈ బిస్మత్ స్ఫటికపు సంధుల పేర్పు నుండియే 85 వేల కోట్ల ఆవృత్తుల వరకు తరంగాలను వెలువరించారు. పౌనఃపున్యం పెంచుకొంటూ పోతే అయానుల కంపనాలు ఎదురై శక్తిని మింగివేస్తాయి. ఎక్కడెక్కడ మింగుతాయో ముందుగా తెలిపేవి పై గూనులే.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఈ విషయంలోని మూలసూత్రాన్ని పాఠశాలలో చూపడానికి అతివాహకం అవసరం లేదు. రెండు బల్లల మధ్య ఒక దారాన్ని కొంచెం వదులుగా కట్టవలెను. దానికి మూడు లోలకాలను వ్రేలాడదీయవలెను. రెండింటి పొడవు 25 సెంటిమీటర్లు, మూడవదాని పొడవు 40 సెంటిమీటర్లు ఉండవలెను. 25 సెంటిమీటర్ల లోలకం ఒక ఊగుకు సుమారు ఒక సెకను తీసుకొంటుంది. దానిని ఊపి వదిలితే, కొంతసేపటికి రెండవ 25 సెంటిమీటర్ల లోలకం దానంతట అదే ఊగుతుంది, మొదటిది నెమ్మదిస్తుంది. నలభై సెంటిమీటర్లది కొద్దిగా కదిలి ఊరకుంటుంది.

ఊపిన లోలకం ఏకాంతర ప్రవాహం, దానికి సరిపోయిన లోలకం అయాను, మొదటిది నెమ్మదించడం బ్యాటరీ చెల్లించవలసిన శక్తి. మొదటి లోలకపు పొడవును కొద్దికొద్దిగా మార్చుతూ, ఏ పొడవు వద్ద ప్రక్క లోలకం బలంగా ఊగుతున్నదో విద్యార్థులచేత గ్రాఫు గీయిస్తే, ఒక చోట గూని వస్తుంది. ఆ తరువాత ఆచార్య భగవంతం లెక్కను నల్లబల్లమీద చేయించవచ్చును: ఉప్పు స్ఫటికపు మూల అమరికలో సోడియం ఒకటి, క్లోరిన్ ఒకటి, అయితే అమరిక అంతా ఒక్కటిగా జరిగే కదలికలు పోగా, మిగిలే కంపనాలెన్ని? రెండును మూడును గుణించి మూడు తీసివేయగల విద్యార్థి ఎవరైనా దీనికి సమాధానం చెప్పగలడు.